ఎలుకలకు తగ్గిన నొప్పి నాకూ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 46. కొన్నేళ్లుగా కీళ్లు వాచి నొప్పి పెట్టే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. దాన్ని అదుపులో ఉంచడానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటున్నాను. అయినా పొద్దున గంటకు పైగా వేళ్లు ముడుచుకోవు. ఎలుకల వెన్నులోకి మందు ఎక్కిస్తే వాపు వల్ల వచ్చే నొప్పి తగ్గిందని చదివాను. ఆ ఇంజెక్షన్ చేయించుకుని మాత్రలు మానేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మెథోట్రెక్సేట్ మాత్రం మీ అంతట మీరు మానకండమ్మా. మీరు చదివింది అబద్ధం కాదు. కానీ ఆ ప్రయోగాల్లో ఏం కొలుస్తారో తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది.

ఎలుక పాదంలోకి క్యారజీనన్ లాంటి పదార్థం ఎక్కిస్తే కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. అప్పుడు వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి సన్నని గొట్టంతో మందు పంపుతారు. తర్వాత ఎలుకను గాజుపలక మీద ఉంచి, కింది నుంచి పాదానికి వేడి తగిలేలా కాంతి వేస్తారు. వాచిన పాదాన్ని అది చప్పున లాగేసుకుంటుంది. మందు పనిచేస్తే ఇంకొన్ని సెకన్లు ఆగుతుంది. 'నొప్పి తగ్గింది' అని రాసేది ఆ కొన్ని సెకన్ల తేడాను చూసే. మీ వేళ్లకున్నది ఏళ్ల తరబడి సాగే జబ్బు.

ఈ పరిశోధనలు వృథా అని మాత్రం అనను. 1976లో యాక్ష్, రూడీ అనే శాస్త్రవేత్తలు ఎలుకల వెన్నులోకి మార్ఫిన్ పంపి, అది నేరుగా వెన్నుపాములోనే నొప్పిని అణచగలదని చూపించారు. ఇప్పుడు ఆపరేషన్ల తర్వాత, కొందరు క్యాన్సర్ రోగులకు ఆ పద్ధతి ఎంతో మేలు చేస్తోంది. సముద్రపు నత్త విషం నుంచి పుట్టిన జికోనొటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్నీ పంపు అనే చిన్న పరికరంతో వెన్నులోకే ఇవ్వాలి. తల తిరగడం, అయోమయం, లేనివి ఉన్నట్టు కనిపించడం లాంటి ఇబ్బందులుంటాయి కాబట్టి, వేరే దారి లేని తీవ్రమైన నొప్పికే వాడతారు. ఇక ఎలుకల్లో బాగా పనిచేసిన కీటోరోలాక్ అనే నొప్పి మందును దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారికి వెన్నులోకి ఇచ్చి చూస్తే ఫలితం కనిపించలేదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది వేరే. వెన్నులో మందు నొప్పి కబురు మెదడుకు చేరకుండా ఆపుతుందంతే, మీ కీళ్లలో జబ్బును ఆపదు. నొప్పి లేదు కదా అని మందులు మానేస్తే లోపల ఎముక అరిగిపోతూనే ఉంటుంది, వేళ్లు వంకర పోతాయి. అలా పోయినవాటిని మందులతో తిరిగి సరిచేయలేం.

గంటకు పైగా బిగుసుకుపోతున్నాయంటే జబ్బు ఇంకా అదుపులోకి రాలేదని అనుమానించాలి. ఆలస్యం చేయకుండా రుమటాలజిస్ట్‌ను (కీళ్ల జబ్బుల డాక్టర్‌ను) కలవండి. ఒంట్లో వాపు ఎంతుందో తెలిపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేసి డోసు పెంచడమో, మరో మందు కలపడమో, వాపు తెచ్చే పదార్థాలను అడ్డుకునే బయోలాజిక్స్ అనే మందులకు మార్చడమో చూస్తారు. ఈలోగా సొంతంగా నొప్పి బిళ్లలు ఎక్కువ వేసుకోవద్దు, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం పడొచ్చు. జ్వరం, నోటిలో పుండ్లు, ఆగని దగ్గు, ఆయాసం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పండి.