టీషర్టు మిషన్ కింద పుస్తకాలు పెట్టబాక

నాయనా,

నిన్న వదిన ఫోన్ చేసింది. కావలిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెడు ఇంద్రజాల్ కామిక్స్, ఆ పాత బొమ్మల కథల పుస్తకాలు కొన్నావంట, మడతలు తీసి చదును చేసి అమెరికాకు పంపి గ్రేడింగ్, అంటే ఎంత బాగున్నాయో మార్కులేయించి అమ్ముతావంట. ఆమెకు ఒకటే దిగులు, ఉన్న ఉద్యోగం చూసుకోకుండా ఇదేం పిచ్చి అని. నాకు మాత్రం మీ మామ గుర్తొచ్చాడు. ఉంటే ఎంత సంబరపడేవాడో! మన ఇళ్ళల్లో ఒకడికైనా పాత కాగితం విలువ తెలిసిందిలే అనుకున్నా. ఫోన్ పెట్టేసేముందు వదిన ఇంకో మాట చెప్పింది, ఆ పుస్తకాలు చదును చెయ్యడానికని టీషర్టుల మీద బొమ్మలు అచ్చేసే వేడి మిషన్ తెచ్చి ఇంట్లో పెట్టావని. అప్పటినుంచి నాకు కాలు నిలవడంలా. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తుండా.

ముందు ఆ మిషన్ సంగతి. టీషర్టు మీద రంగు అంటుకోడానికి 200 డిగ్రీల దాకా వేడి పెడతారు. పాత కామిక్‌కి 70 డిగ్రీలు, అటూ ఇటూగా చాలు. చవక మిషన్లలో అంకె ఒకటి చూపిస్తుంది, పలక మాత్రం ఒక మూల ఒక రకంగా, ఇంకో మూల ఇంకో రకంగా కాగుద్ది. థర్మామీటరు పెట్టి నాలుగు మూలలా చూసినాకే దాని అంకెను నమ్ము. ఆవిరి ఇస్త్రీపెట్టె జోలికి అసలు పోబాక.

ఇంతకీ ఈ చదును చేసే పని, ప్రెస్సింగ్ అంటే ఏంది? కాగితం పీచుకు కొంచెం తేమ తగిలితే మెత్తబడుద్ది. ఆ మెత్తదనంలో వేడీ బరువూ పడితే చదునవుద్ది. ఆ బరువు కిందనే చల్లారితే అట్నే నిలబడుద్ది. అందరూ వేడి గురించే మాట్లాడతారు గానీ సగం పని చల్లారడంలోనే ఉంది. ఒక రాత్రంతా బరువు కింద వదిలెయ్. తొందరపడి వేడి మీద తీశావంటే మళ్ళా వంకరే.

పైనా కిందా సిలికాన్ కాగితం, వేడికి అంటుకోనిది, వెయ్. నడిమి పేజీల్లో, పిన్నుల దగ్గర ఒక మంచి కాగితం పెట్టు, లేకపోతే పిన్ను అచ్చు పేజీలన్నిటి మీదా దిగుద్ది. పనికిరాని పత్రికల మీద చెయ్యి తిరిగినాకే మంచివాటిని ముట్టుకో.

గదిలో లైటు ఆర్పి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి అట్ట చూడు. వేళ్ళ నొక్కులు, వంపులు, పుస్తకం వీపు పక్కకు ఒరగడం, ఇవి ప్రెస్సుకు లొంగుతాయి. మడత దగ్గర రంగు లేచిపోయి తెల్లగీత కనిపించిందా, దాన్ని బ్రహ్మదేవుడు కూడా తియ్యలేడు. చిరుగు, తుప్పు మరక, పసుపుదనం కూడా అంతే. ఆ తెల్లగీత మీద స్కెచ్ పెన్నుతో రంగు పూయాలనిపిస్తుంది. పూశావో, నా గడప తొక్కబాక.

ఇప్పుడు కార్తీకం. వాయుగుండం మీద వాయుగుండం. ఒంగోలు గాలిలో కాగితం ఇప్పటికే తేమ తాగి ఉంటుంది. దానికి నువ్వు ఇంకా తేమ పట్టిస్తే పేజీలు అలలు లేస్తాయి, పిన్నులు తుప్పెక్కుతాయి. సంక్రాంతి దాటనీ. అప్పటిదాకా పెట్టెను నేలమీద కాకుండా బల్లమీద పెట్టు. కలరా ఉండలు వద్దు, ఆ వాసన వదలదు. మీ నాయనమ్మ పెట్టినట్టు వేపాకు కూడా వద్దు, మరక పడుద్ది.

మీ మామ సంగతి ఒకటి నీకు తెలియదు, నువ్వప్పటికి పుట్టలేదు. స్టోన్‌హౌస్‌పేటలో బైండింగ్ షాపు ఉన్న రోజుల్లో బుచ్చి నుంచి ఒక మాస్టారు 1960ల నాటి చందమామలు బస్తాలో తెచ్చాడు, ఏడాదికో వాల్యూము లెక్కన కుట్టమని. మీ మామ ప్రాణంపెట్టి చేశాడు. తుప్పు పిన్నులన్నీ తీశాడు, దారంతో కుట్టాడు, మైదా జిగురులో మైలుతుత్తం కలిపి క్యాలికో వీపు వేశాడు. చివర్న కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా అంచు కోశాడు. అప్పట్లో అదే పనితనం. అంచు కొయ్యని పుస్తకాన్ని ఎవరూ బైండు పుస్తకం అనేవాళ్ళు కాదు. మాస్టారు చేత్తో నిమిరి, మురిసిపోయి, అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చిపోయాడు.

చాలా ఏళ్ళకు, మాస్టారు పోయినాక, ఆయన కొడుకు ఒక వాల్యూము చంకలో పెట్టుకుని వచ్చాడు. మద్రాసు నుంచి వచ్చిన కొనుగోలుదారు ఒకడు తెరిచి చూసి, మూసి, కాఫీ తాగి, పాత పేపరు కంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాడంట. ఆ పిల్లోడు గొడవ పెట్టుకోలా. అట్ట తెరిచి వేలు పెట్టి చూపించాడు. కింది మూలలో, అట్ట బొమ్మ వేసిన వపా, అదే వడ్డాది పాపయ్య సంతకం అంచు కోతలో సగానికి తెగిపోయి ఉంది. మీ మామకు ఆ రోజు అన్నం సయించలా. "తప్పు పని చేసుంటే బాధ లేదే, మంచి పని చేశా" అన్నాడు. అప్పటినుంచి పాత పత్రికలు ఎవరు తెచ్చినా, కుట్టనయ్యా, అట్ట పెట్టెలో పెట్టుకో పో అని తిప్పి పంపేవాడు. షాపు బాడుగ కట్టలేని నెలల్లో కూడా. నేను తిట్టేదాన్ని.

నీ చేతిలో కత్తెర లేకపోవచ్చు, ఆ మిషన్ ఉంది. బాగు చేద్దామనే దురద అదే. పిన్ను తుప్పు పట్టిందని కొత్తది వెయ్యబాక. పేజీ మీద ఎవరి పేరో పెన్సిల్‌తో ఉంటే రబ్బరు పెట్టి రుద్దబాక. టేపు ఉంటే ఉండనీ. అంచు వంకరగా ఉంటే... చెప్పాగా.

ఆయన పోయినాక షాపులో మిగిలిన పత్రికలు అమ్ముకుంటూ, కొనేవాళ్ళ దగ్గర గ్రేడింగ్ సంగతులు విన్నా. అమెరికాలో సీజీసీ అనే కంపెనీ 2000 నుంచి ఈ పని చేస్తుంది. 0.5 నుంచి 10 దాకా మార్కులు, ఆపైన ప్లాస్టిక్ పెట్టెలో సీలు. పెట్టె తెరిస్తే ఆ మార్కు చెల్లదు. మామూలు ప్రెస్సింగ్‌ని వాళ్ళు రిపేరు కింద లెక్కెయ్యరు. రంగు పూస్తే మాత్రం ఊదారంగు లేబులు తగిలిస్తారు, ధర పడిపోద్ది. అంచు కోసినా కనిపెడతారు.

పంపే ఖర్చంతా డాలర్లలో. ట్రంకు మొత్తం పంపితే మునిగిపోతావు. ఇంద్రజాల్ 1964లో మొదలై 1990లో ఆగిపోయింది. తొలి ఏళ్ళవి, అట్ట రంగు చెదరనివి ఏవన్నా ఉంటే వాటినే పక్కకు తియ్. మార్కు నువ్వే ఊహించుకో, అందులోంచి ఒకటి తగ్గించుకో. అప్పటికీ ఖర్చు పోను మిగులుతుందంటేనే పంపు. మిగతావి ఇక్కడే, ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసి అమ్ముకో. ప్రెస్ చేసింది ఏదైనా సరే, అడక్కముందే కొనేవాడికి చెప్పు. చెయ్యకముందు తీసిన ఫోటో కూడా చూపించు. కొందరికి ప్రెస్సింగే గిట్టదు, వాళ్ళు కొనకపోతే పోనీ.

వదినతో నేను మాట్లాడతాలే. ఉద్యోగం మాత్రం వదలబాక.

వచ్చే ఆదివారం ట్రంకులోంచి బాగున్నవి తీసుకుని నెల్లూరు రా. చేపల పులుసు చేస్తా. ముందు పుస్తకాలు చూడటం, ఆ తరవాతే తిండి. పులుసు చేత్తో ఆ అట్టలు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా.

మీ అత్త