పెద్ద డిస్కుల కంటే ముందు ఆయిల్ సంగతి

ప్రశ్న: మా ఎస్‌యూవీ నిండా మనుషులతో కొండ దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడుతోంది. పెద్ద డిస్కులు ఇంట్లోనే బిగించుకోవచ్చా?

జవాబు: పని తెలిసినవాళ్లు పక్కనుంటే బిగించుకోవచ్చు. కానీ ముందు ఎక్కడా లీకు లేదని చూసుకుని, బ్రేకు ఆయిల్ మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా తేమ పట్టిన పాత ఆయిల్ వేడికి త్వరగా మరిగి ఆవిరి బుడగలు కడితే పెడల్ మెత్తబడుతుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి.

అయినా డిస్కులు మార్చాలనుకుంటే, కొత్త కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం) రిమ్ములో పడుతుందో లేదో కొనకముందే కొలవండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. విప్పిన కాలిపర్ హోస్‌కి (బ్రేకు ఆయిల్ వెళ్లే గొట్టానికి) వేలాడుతుంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. లోపల దెబ్బతిన్న హోస్ పైకి కనబడదు. కాలిపర్‌ను తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. బ్రేకు ఆయిల్ లైన్లలో గాలి తీశాక, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఆ తర్వాతే బండి కదపండి.