తలకోనకు ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: మేము చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాము. నిరుడు నవంబరులో, ముసురు పట్టిన ఆదివారం నాడు తలకోన జలపాతానికి వెళితే, వాగు పొంగిందని అడవి మొదట్లోనే ఆపివేశారు. ఈసారి వేసవి సెలవుల్లో వెళదామని మావారు అంటున్నారు. మాతో తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వస్తారు. ఏ నెల మంచిది? ఎవరెంతవరకు నడవవచ్చు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆ రోజు మిమ్మల్ని ఆపడం మంచిదే అయిందమ్మా. తలకోన ఉన్న శేషాచలం కొండల్లో చాలాచోట్ల పైన పలచని మన్ను, దాని కింద గట్టి క్వార్ట్‌జైట్ రాయి ఉండడం వల్ల, కురిసిన వాన ఇంకే వ్యవధి లేకుండా వాగుల్లోకి దిగిపోతుంది. మీరు నిలుచున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువన కాసేపటి కిందట పడిన జడివాన మడుగు మీదికి ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు. అందుచేత అక్కడి నీటి ఉధృతిని తల మీది ఆకాశాన్ని చూసి అంచనా వేయకండి, కొండ మీద నిన్న, మొన్న ఎంత వాన పడిందో స్థానికులను అడగండి.

వేసవి ప్రయాణం నాకు సమ్మతం కాదు. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ధార ఆ నెలల్లో బాగా సన్నబడిపోతుంది. మన చెన్నైని తడిపే ఈశాన్య రుతుపవనాలే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆ కొండలకూ వానలిస్తాయి కనుక, వానలు తెరిపి ఇచ్చి నాలుగైదు రోజులు గడిచాక, జనవరిలో సంక్రాంతి రద్దీ తగ్గిన వారంలో వెళ్లండి.

తిరుపతి ఇక్కడికి సుమారు 135 కిలోమీటర్లు, అక్కడి నుంచి భాకరాపేట మీదుగా తలకోనకు మరో 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్కరోజులో పోయి రావాలనుకోకుండా ఆ రాత్రి తిరుపతిలో బస చేయండి.

అత్తగారిని సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర కూర్చోబెట్టి, ఒకరు తోడుండండి. ఆపైన జలపాతం దాకా నడక చిన్నదే కాని, రాళ్లు, మెట్లు, తడిసిన చెట్ల వేళ్లు మోకాళ్లను బాధిస్తాయి. బాబుకు జారని బూట్లు వేయండి. నాచు పట్టిన బండల మీదికి, లోతు తెలియని మడుగులోకి దిగనివ్వకండి. ఆ బాటను తొందరగా దాటవద్దని నా మనవి. చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగను, దాని బారెడు కాయలను వాడికి చూపండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే అని చెప్పండి. అదృష్టముంటే కొమ్మల మీద బెట్లుడుత అనే పెద్ద ఉడుత, తేమ రాళ్ల సందుల్లో బంగారు బల్లి కనిపిస్తాయి.

అత్తగారికీ జలపాతం చూడాలని ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు పుత్తూరులో నారాయణవనం వైపు మళ్లి కైలాసకోనలో ఆగండి. అక్కడ ఏడాది పొడవునా నీరు పడుతుంది, రోడ్డు నుంచి దూరం తక్కువ. ఉన్న మెట్లను ఆవిడ మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కగలరు.