కంపెనీ పెద్దదే, సేఫ్టీ రూల్స్ ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి వేలమంది పనిచేసే పెద్ద కంపెనీ ప్లాంట్‌లో మెయింటెనెన్స్, రెండోది మూడు వందల మంది ఉన్న ఫ్యాక్టరీలో అదే పని. పెద్ద కంపెనీ వెబ్‌సైట్ అంతా వెతికాను. సేఫ్టీ గురించి ఒక పేజీ, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ల ఫొటోలు తప్ప స్పష్టంగా ఏమీ లేదు. వాడు మొహమాటస్తుడు, ఎవరినీ ఏమీ అడగడు. రెండిట్లో ఏది సురక్షితం? లేక రెండూ మానేసి సేఫ్టీ కోర్సు చేయించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ప్లేస్‌మెంట్లు ముగిసే రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. పైకి అడిగేది ఏ కంపెనీ మంచిదని. లోపల ఉన్న భయం, పొద్దున డ్యూటీకి వెళ్లిన పిల్లాడు సాయంత్రం క్షేమంగా తిరిగొస్తాడా అని. ముందు దానికే జవాబు చెబుతాను. మెయింటెనెన్స్‌లో ప్రమాదం ఉంది, లేదని అబద్ధం చెప్పను. అయితే ఆ ప్రమాదాలు ఏ దారిన వస్తాయో, ఎక్కడ అడ్డుకట్ట వేయాలో ఏనాడో తేలిపోయిన పని అది. పద్ధతిగా చేసేవాళ్లు ఉద్యోగ జీవితమంతా చేసి, చెయ్యీ కాలూ క్షేమంగా రిటైర్ అవుతున్నారు. మీరు నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

ఇక మీకు కనిపించిన ఆ ఒక్క పేజీ సంగతి. పెద్ద కంపెనీల్లో సేఫ్టీ పాలసీ అంటే మామూలుగా ఒక్క పేజీయే ఉంటుంది, కింద పై అధికారి సంతకం ఉంటుంది. చిన్నగా ఉందని కంగారుపడకండి. అసలు రూల్స్ దాని కింద ఉంటాయి: కంపెనీ మొత్తానికి ఒక మాన్యువల్, ఒక్కో ప్లాంట్‌కు సొంత నియమాలు, ఒక్కో పనికి ఎస్‌ఓపీ (ఆ పని ఎలా చేయాలో వరసగా రాసిన పద్ధతి), ఆ రోజు చేసే పనికి రాసే వర్క్ పర్మిట్, అంటే అనుమతి కాగితం. ఇవన్నీ కంపెనీ లోపలి నెట్‌వర్క్‌లోనో, కంట్రోల్ రూమ్ బల్ల మీదో ఉంటాయి. బయట ఇంటర్నెట్‌లో మీరు ఎంత వెతికినా దొరకవు.

బయటినుంచి చూడదగ్గవి రెండే. ఒకటి ఐఎస్‌ఓ 45001 సర్టిఫికెట్, పనిచోట భద్రత కోసం 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. అది ఉందా అని మాత్రమే చూడకండి, ఏ ప్లాంట్‌కు ఇచ్చారో చదవండి. హెడ్డాఫీసుకు వచ్చిన సర్టిఫికెట్ మీ అబ్బాయి పనిచేయబోయే షెడ్డుకు వర్తించకపోవచ్చు. రెండోది కంపెనీ ఏటా వేసే సస్టైనబిలిటీ రిపోర్టు. అందులో గాయాల రేటు ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. కొందరు 10 లక్షల పనిగంటలకు లెక్క కడతారు, కొందరు 2 లక్షల గంటలకు. 2 లక్షల గంటలకు 0.2 అన్నా, 10 లక్షల గంటలకు 1.0 అన్నా నిజానికి ఒకటే. కాంట్రాక్ట్ కార్మికుల గాయాలు, మరణాలు విడిగా చూపించారో లేదో కూడా చూడండి. అవి చూపించని రిపోర్టును నేను నమ్మను.

చూపించినా అంకెలే సర్వస్వం అనుకోకండి. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీలో, బీపీ కంపెనీ చమురు రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. వాళ్లంతా కాంట్రాక్ట్ మనుషులే, ప్రమాదకరమైన యూనిట్‌కు దగ్గరలో పెట్టిన తాత్కాలిక ఆఫీసుల దగ్గర ఉన్నవాళ్లు. తర్వాత విచారణ జరిపిన బేకర్ కమిటీ 2007లో ఒక సంగతి బయటపెట్టింది. జారిపడటం, చెయ్యి తెగడం లాంటి గాయాలు తగ్గడం చూసి, పేలుడు లాంటి పెద్ద ప్రమాదాల విషయంలోనూ అంతా బాగుందని కంపెనీ అనుకుందట. రెండూ వేరువేరు దారుల్లో వస్తాయి. గేటు దగ్గర బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు’ అని పెద్ద అంకె కనిపిస్తే సంతోషించండి, అక్కడితో ఆగిపోకండి.

పాలసీ స్పష్టంగా ఉండటం అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు ఒక పాత విద్యార్థి. ఒకసారి కలిసినప్పుడు బ్యాగులోంచి ఎర్రటి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. దానికో ట్యాగ్, ట్యాగ్ మీద అతని ఫొటో, పేరు. మోటార్ రిపేరుకు దిగేముందు స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. ఐదుగురు దిగితే ఐదు తాళాలు. ఆఖరివాడు బయటికొచ్చి తన తాళం తీసేదాకా ఆ మెషిన్ తిరగదు. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, నిజంగా ఆగిందని చూసుకుని మరీ చెయ్యి పెడతారు. లాకౌట్ ట్యాగౌట్ అంటారు దీన్ని. అతను అంతకుముందు పనిచేసిన కంపెనీలో మొదటి రోజే దొంతర కాగితాలు ముందు పెట్టి అరగంటలో సంతకాలు చేయించుకున్నారట. తాళం మాత్రం ఇవ్వలేదు. రెండు చోట్లా పాలసీ కాగితంలో రాసింది దాదాపు ఒకటేనని అతనే చెప్పాడు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. వెబ్‌సైట్ మీరు వెతికారు, ఉత్తరం మీరు రాశారు. అబ్బాయి ఏం చేస్తున్నాడు? మొహమాటస్తుడని చెప్పి ఊరుకుంటే కుదరదు. ప్లాంట్‌లో ప్రాణం మీదికి తెచ్చేది ఆ మొహమాటమే. సూపర్‌వైజర్ ‘ఐదు నిమిషాల పనే కదా, పర్మిట్ తర్వాత చూసుకుందాం’ అంటాడు. ఆ క్షణంలో ‘లేదు సార్, పర్మిట్ వచ్చాకే దిగుతాను’ అనగలగాలి. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడికలోనే ఇది ఉంది. ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి పని నుంచి తప్పుకున్నవాణ్ణి శిక్షించకూడదు. 2022లో ఆ సంస్థ సురక్షితమైన పనిచోటును ప్రాథమిక హక్కుల్లో చేర్చింది కూడా. హక్కు ఉంది, వాడేది మీ అబ్బాయి నోరు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఇరవై ఏళ్లు నేర్పించి, ఇప్పుడు ఆ భారమంతా ఒక కాగితం మీద వేస్తే ఎలాగమ్మా?

సేఫ్టీ కోర్సు మాట. ఈ మధ్య అందరూ అటే పరిగెడుతున్నారు, నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్ చేస్తే చాలు సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం ఖాయం అంటున్నారు. కోర్సు చెడ్డదని నేను అనడంలేదు. ప్రమాదాన్ని మొదట తొలగించు, కుదరకపోతే మార్చు, మెషిన్‌కు కంచె కట్టు, ఆ తర్వాతే రూల్స్, చివరికి హెల్మెట్, గ్లౌజులు అనే వరస అక్కడ బాగా నేర్పుతారు. నా అనుమానమల్లా వేరే. బేరింగ్ ఎప్పుడూ విప్పని కుర్రాడు, ఇరవై ఏళ్లుగా విప్పుతున్న ఫిట్టర్‌కు ‘ఇలా చేయకూడదు’ అని ఏ ధైర్యంతో చెబుతాడు? చెప్పినా ఆ ఫిట్టర్ ఎందుకు వింటాడు? అలా చేరినవాళ్లు కొందరు చెక్‌లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టే పనిలోనే మిగిలిపోవడం చూశాను, ఆ ముఖాలు చూస్తే బాధేస్తుంది. మూడు నాలుగేళ్లు మెయింటెనెన్స్ చేసి, చేతికి గ్రీజు అంటించుకుని, అప్పటికీ మనసు అటే ఉంటే చేయమనండి. అప్పుడు అతని మాటకు బరువు ఉంటుంది.

మరి రెండు కంపెనీల్లో ఏది? సైజు చూసి చెప్పలేను. పెద్దదాంట్లో పద్ధతులు రాసిపెట్టి ఉంటాయి, శిక్షణకు డబ్బూ ఉంటుంది, కానీ కిందిస్థాయి మాట పైదాకా వెళ్లడం ఆలస్యం. చిన్నదాంట్లో యజమాని మంచివాడైతే తప్పు చూపించిన సాయంత్రానికే సరిచేస్తాడు, కాకపోతే అడిగేనాథుడే ఉండడు. ఇంతకు మించి ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. ఏదైనా తొలి ఉద్యోగమే కదా, నచ్చకపోతే మారవచ్చు. టెన్షన్ పడకండి.

తేల్చగలిగేది మీ అబ్బాయే. చేరకముందే రెండు కంపెనీల హెచ్‌ఆర్‌కూ మెయిల్ రాయమనండి, మూడు ముక్కలు చాలు. నాకు సొంత తాళం, ట్యాగ్ ఇస్తారా? శిక్షణ ఎన్ని రోజులు, ఎవరి పక్కన? ప్రమాదం తృటిలో తప్పిందని ఎవరైనా చివరిసారి రిపోర్ట్ చేసినప్పుడు ఏం మార్చారు? మూడోదానికి వివరంగా జవాబు రాసే కంపెనీలో పాలసీ బతికి ఉన్నట్టే. ‘మా దగ్గర అలాంటివి జరగవు’ అని రాస్తే అక్కడ చేరడానికి ముందు ఇంకోసారి ఆలోచించండి. వీలైతే ఆ ప్లాంట్‌లో షిఫ్ట్ చేసే సీనియర్ ఒకరితో, కాంట్రాక్ట్ మనిషి ఒకరితో కూడా మాట్లాడమనండి.

జవాబులు వచ్చాక నాకు పంపండి, కలిసి చూద్దాం. ఈసారి ఉత్తరం మాత్రం అబ్బాయినే రాయమనండి.