గట్టు మీద గడ్డి, వరిలో మిడత

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. రెండెకరాల వరి పిలకల దశలో ఉంది. గట్ల మీద గరిక, ఊద బాగా ఉన్నాయి. ఒక పక్క పశువుల కోసం నేపియర్ గడ్డి వేశాం. వీటిని ఆనుకుని ఉన్న వరిలోనే మిడతలు ఆకుల్ని అంచుల నుంచి తినేస్తున్నాయి. పెరట్లో తోటకూర మీద కూడా పచ్చ మిడతలు ఉన్నాయి. గట్లు చెక్కిస్తే అన్నీ వరిలోకి దూకుతాయని కొందరు, వదిలేస్తే ఇంకా పెరుగుతాయని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: రెండు మాటలూ నిజమేనండీ, కాకపోతే వేర్వేరు నెలలకు. గట్లు చెక్కాల్సింది తొలకరికి ముందు, ఎండలున్నప్పుడు. ఇప్పుడు ఒక్కసారిగా చెక్కిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

ముందు తోటకూర సంగతి. తల కోసుగా, మొనదేలి ఉంటే అది వెడల్పాకులు తినే రకం. దాని గురించి వరికి బెంగ అక్కర్లేదు. వరిలో చూడాల్సినవి రెండు. ఒకటి పెద్దది, పసుపు కలిసిన ఆకుపచ్చ, మెడ మీద అడ్డంగా మూడు నల్లని గీతలు ఉంటాయి. రెండోది చిన్నది, కంటి వెనక నుంచి పక్కల వెంబడి గోధుమరంగు చార ఉంటుంది. ఈ రెండూ ఎక్కువగా గడ్డిజాతినే తింటాయి. గట్టి ఆకును నూరడానికి వీలుగా వీటి దవడలు చదునుగా ఉంటాయి.

గడ్డి అయినంత మాత్రాన అన్నీ ఒకే మేత కాదు. ముదిరిన గరికలో నార, ఇసుక పదార్థం (సిలికా) ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. దాని మీదే బతికిన పిల్ల పురుగు నెమ్మదిగా పెరుగుతుంది, ఒక్కోసారి అదనంగా ఇంకో కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక ఆడది చిన్నదిగా ఉంటుంది. మేత చాలకపోతే కడుపులో తయారవుతున్న గుడ్లను తిరిగి ఒంట్లోకే పీల్చేసుకుంటుంది. అదే లేత వరి, కోశాక చిగురించిన నేపియర్ తిన్నది త్వరగా ఎదిగి, బరువెక్కి, ఎక్కువ గుడ్లు పెడుతుంది. మీ నేపియర్ పక్క వరిలో నష్టం కనబడడానికి ఇదో ముఖ్య కారణం. అంచున యూరియా ఎక్కువ పడిన చోట ఆకు మరీ లేతగా ఉంటుంది, అక్కడ ఇంకా ఇష్టంగా తింటాయి. లేత జొన్నను మాత్రం కొన్ని రకాల మిడతలు కొరికి వదిలేస్తాయి. పశువులకు ప్రమాదం తెచ్చే సైనైడు విషం దానికి ఒక కారణం.

పెద్ద మిడతకు ఏడాదికి ఒకటే తరం. కోతల ముందు గట్ల మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున, నురగ గట్టిపడిన గోధుమరంగు తిత్తుల్లో గుడ్లు పెడుతుంది. తొలకరి తడికి అవి పగులుతాయి. అప్పటికి మీ చేలో నాట్లు పడవు. చీమంత పిల్లలకు దొరికేది గట్టు మీది గరిక, ఊద, లేదా నారుమడి. దూరం దూకలేవు, ఆకలికి తట్టుకోలేవు. అందుకే వచ్చే ఏడు తొలకరి పడకముందే గట్ల పక్కలు మూడు అంగుళాల మందాన పారతో చెక్కించి, ఆ మట్టిని ఎండలో పరవండి. తిత్తులు ఎండకు మాడతాయి, మిగిలినవి గోరింకలు, కొంగలు ఏరుకుంటాయి. చెక్కిన మట్టిని మళ్లీ గట్టుకే పూస్తే చేసిన పని వృథా.

ఇప్పుడైతే గట్టు గడ్డిని విడతలుగా కోయండి. నేపియర్‌ను వరి వైపు నుంచి మొదలుపెట్టి అవతలి అంచుకు కోసుకుంటూ వెళ్లండి, మిడతలు వరి వైపు కాకుండా ఎదురు దిక్కుకు జరుగుతాయి. మొత్తం ఒకే రోజు కోయకండి. పొద్దున్నే చలికి మందకొడిగా ఉన్నప్పుడు వలతో ఊడ్చి పట్టవచ్చు.

పిలకల దశలో కొద్దిగా ఆకు పోయినా వరి తేరుకుంటుంది. పిల్లలు ఎక్కువగా ఉంటే గట్టును ఆనుకున్న మూడు నాలుగు మీటర్ల మేర వేప గింజల కషాయం చాలు. కిలో వేప పప్పు పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి, ఐదు లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, 20 లీటర్లు చేసి, 20 గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టండి. ఎండకు దాని శక్తి పోతుంది. ఇది మిడతను వెంటనే చంపదు. ఆకు తిననివ్వదు, కుబుసం సరిగా విడవనివ్వదు. కాబట్టి రెక్కల మొగ్గలు మాత్రమే ఉన్న పిల్లల మీదే బాగా పనిచేస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది వెన్ను తీసేటప్పుడు. లేత కంకి కాడను కొరికితే కంకి ఎండి తెల్లబడుతుంది. దాన్ని కాండం తొలిచే పురుగు అనుకుని మందు మార్చేస్తుంటారు. తెల్లకంకిని లాగి చూడండి: తేలిగ్గా ఊడొచ్చి, అడుగున తొలిచిన గుర్తుంటే తొలిచే పురుగు, కాడ బయట కొరికిన గాటు ఉంటే మిడత. మిడతే అయి, ఉధృతంగా ఉంటే మలాథియాన్ 50 ఈసీ లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున అంచుల వరకే కొట్టండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వరిలో వద్దు, వాటి తర్వాత వరి రసం పీల్చే సుడిదోమ విజృంభిస్తుంది. మందు నేపియర్ మీద పడకుండా చూడండి, పడిన గడ్డిని పశువులకు వేయొద్దు.