నీటి మట్టం సెన్సర్‌లో ఒక్క తీగే ఎందుకు అరుగుతోంది?

ట్యాంకులో పెట్టిన రెండు రాగి తీగల్లో ఒకటే పచ్చబడి అరిగిపోతోందన్నారు కదండీ. అది 5 వోల్టుల ప్లస్ వైపు తీగే అయ్యుంటుంది, చూడండి. తీగలో కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు, నీళ్లలో అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు). కరెంటు ఇలా ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారే చోటే ఎలక్ట్రోడ్. ప్లస్ వైపు, అంటే ఆనోడ్ దగ్గర, రాగి పరమాణువులు ఎలక్ట్రాన్లు వదిలేసి అయాన్లుగా నీళ్లలో కలుస్తాయి. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఆగకుండా ఇస్తున్నంతకాలం ఎంత లావు తీగ పెట్టినా అరుగుతూనే ఉంటుంది.

ప్రోబ్‌లను, అంటే నీళ్లలో ఉండే ఆ రెండు తీగలను, నేరుగా సప్లైకి కాకుండా ఆర్డ్యునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు) డిజిటల్ పిన్‌లు రెండింటికి కలపండి. మొదటి పిన్‌కీ ప్రోబ్‌కీ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, రెసిస్టర్-ప్రోబ్ కలిసే చోటు నుంచి అనలాగ్ పిన్‌కు తీగ లాగండి. మొదటి పిన్ హై (5 వోల్టులు), రెండోది లో (0 వోల్టులు) చేసి 5 మిల్లీసెకన్లలో రీడింగ్ తీసుకోండి. వెంటనే తిరగేసి అంతే సేపు ఉంచండి, తర్వాత రెండూ లో. ఇలా తిరగేస్తే ప్లస్ వైపు ఎప్పుడూ ఒకే తీగ ఉండదు; ఇదే అసలు కిటుకు, చాలామంది వదిలేసేదీ ఇదే. 10 సెకన్లకోసారి చూస్తే చాలు.

రాగి బదులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు వాడండి. టంకం అతుకు మాత్రం నీళ్లకు పైనే ఉండాలి.