డైఫాస్ఫోనేట్ల మీద ఆసక్తి: పశువైద్యమా, ఫార్మసీయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మా జర్మన్ షెపర్డ్ కాలి మీది గడ్డను డాక్టరు గారు కోసి తీసినప్పుడు లోపల తడి సుద్దలాంటి తెల్లటి ముద్ద కనిపించింది. అప్పటి నుంచి జంతువుల మృదు కణజాలంలో సున్నం పేరుకోవడం గురించి, దాన్ని ఆపే డైఫాస్ఫోనేట్ల గురించి చదువుతూ, ఆ పరిశోధనే చేస్తానంటోంది. ఏ కోర్సులో చేర్పించాలి?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: మీ కుక్కకు వచ్చినటువంటి గడ్డకు సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం, డైఫాస్ఫోనేట్లు కాదు. ఈ తేడా మీ అమ్మాయికి ముందే తెలియడం మంచిది.

ఆమె చదువుతున్న కథ మాత్రం నిజంగా ఆసక్తికరమైనదే. శరీరంలో సహజంగా ఉండే పైరోఫాస్ఫేట్ కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పెరగకుండా అడ్డుకుంటుంది గానీ, ఎంజైములు దాన్ని సులువుగా విరిచేస్తాయి. రెండు ఫాస్ఫరస్ పరమాణువుల మధ్య ఉన్న ఆక్సిజన్ స్థానంలో కార్బన్‌ను పెడితే ఆ బంధం ఎంజైములకు లొంగదు; అలా తయారైనవే డైఫాస్ఫోనేట్లు. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో పనిచేసిన హెర్బర్ట్ ఫ్లైష్, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ శాస్త్రవేత్త మేరియన్ ఫ్రాన్సిస్, వారి సహచరులు 1969లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో, విటమిన్ డి అతిగా ఇవ్వడం వల్ల ఎలుకల బృహద్ధమనిలో పేరుకునే సున్నాన్ని ఈ పదార్థాలు అడ్డుకున్నాయి. అయితే వీటిలో ఒకటైన ఎటిడ్రోనేట్‌ను మృదు కణజాలంలో సున్నం ఆగేంత మోతాదులో ఇస్తే అసలు ఎముక గట్టిపడటమే దెబ్బతింటుందని తేలడంతో, తర్వాతి మందులు ఎముక అరుగుదలను ఆపే వైపు మళ్లాయి. 2014లో అమెరికాలో గుర్రాలకు అనుమతి పొందిన టిలుడ్రోనేట్, క్లోడ్రోనేట్ కూడా గిట్టలోని నావిక్యులర్ ఎముక సమస్యకు ఉద్దేశించినవే. అందుచేత ఒక్క మందును నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దని, సున్నం ఎందుకు పేరుకుంటుందన్న ప్రశ్నను పట్టుకుని ఎంచుకోమని నా సలహా.

ఆ ప్రశ్నను జంతువు వైపు నుంచి చూడాలనుకుంటే పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. తర్వాత పీజీ అయిన ఎంవీఎస్సీలో పాథాలజీ (రోగం వల్ల కణజాలంలో వచ్చే మార్పుల అధ్యయనం) తీసుకుంటే, మందుల భద్రతా పరీక్షల్లో ఎలుకల మూత్రపిండాలను, రక్తనాళాలను స్లైడు మీద చదివి తీర్పు చెప్పే ఉద్యోగాలకు దారి ఉంటుంది. ఆ కుర్చీ బీఫార్మసీ వాళ్లకు దొరకడం చాలా కష్టం. అణువులను తయారు చేయడం, మోతాదులను తేల్చడం ఆమెకు ఇష్టమైతే మాత్రం నాలుగేళ్ల బీఫార్మసీ, ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష జీప్యాట్, ఆపై హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మా విద్యాసంస్థ నైపర్ లాంటి చోట పీజీ సరైన దారి. మీ ఉత్తరంలో ఆమె ఆసక్తి గడ్డ దగ్గర మొదలైందని ఉంది కాబట్టి నేను మొదటి దారి వైపే మొగ్గుతాను.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. తిరుపతి వెటర్నరీ కళాశాల పాథాలజీ విభాగంలో అనుమతి అడిగి, సున్నం చేరిన కణజాలాన్ని వాన్ కోసా రంజనంతో చూపించమనండి. వెండి లవణం తగిలిన చోటల్లా ఆ సున్నం నల్లటి గీతలుగా, చుక్కలుగా తేలుతుంది. ఒక అరగంట చూశాక రెండో స్లైడు కావాలంటుందో, ఇంటికి పోదామంటుందో గమనించి నాకు రాయండి.